మెంటార్ బుక్కులో భోగి పండగ

తమ్ముడూ, కాలేజీలో మెంటార్‌తో ఎలా మెలగాలని అడిగావు. ముందు ఆయన దొరకాలి. దొరకడానికి ఎండాకాలమే అదును.

మా సారును నేను మొదట చూసింది జాండ్రపేటలో, మా ఇంట్లోనే. మే నెల మిట్టమధ్యాహ్నం బండేసుకొచ్చారు. అడ్మిషన్ల టార్గెట్ ఉన్న మేష్టారికి వడదెబ్బ తగలదు. గుంటమగ్గంలో నేస్తున్న నాన్న పక్కన గొంతుక్కూర్చుని, "మీవాడి పూచీ నాదండీ" అన్నారు. అమ్మ మజ్జిగిచ్చింది. నా భవిష్యత్తు గురించి ఆయన అంతసేపు మాట్లాడింది నాలుగేళ్ళలో ఆ ఒక్కపూటే.

చేరాక నా పేరు నలభైమూడు అయింది. హాల్‌టికెట్ చివరి అంకెలు. ఆయన్ననేం లాభం? 20 మందికో మేష్టారు ఉండాలంటుంది ఏఐసీటీఈ. ఉన్నారు కూడా, కాగితం మీద. అందులో కొందరు తనిఖీ నాడే దర్శనమిస్తారు. మిగతా రోజుల్లో వాళ్ళ పిల్లల్నీ మా సారే మోయాలి.

ఇక మెంటార్ బుక్కు. సారు మాకు చెప్పిన హితవు తేదీతో, సంతకంతో ఎక్కాల్సిన పుస్తకం. తనిఖీకి న్యాక్ వాళ్ళు రేపొస్తారనగా రాత్రి మమ్మల్ని ల్యాబులో కూర్చోబెట్టి ఆరు సెమిస్టర్ల హితవు ఒక్క పూటలో చెప్పించారు. ఇంకు ఒకేలా కనబడకూడదని నీలం, నలుపు పెన్నులు మార్చి మార్చి రాశాం. బుక్కులు మరీ కొత్తగా ఉన్నాయని ఒకడు అట్టల మీద టీ చిలకరించాడు. నా దాంట్లో "క్రమం తప్పక చదువుకోమని చెప్పితిని" అని పద్నాలుగు చోట్ల ఉంది. అందులో ఒకటి భోగి నాటిది. ఆ రోజు ఆయన వాళ్ళ ఊళ్ళో, నేను ఓడరేవు ఇసకలో. హితవు మాత్రం కాలేజీలోనే జరిగింది.

నాకు నేత నేర్పినప్పుడు నాన్న ఏ బుక్కూ పెట్టలేదు. పోగు తెగితే మొట్టికాయ వేసి, తన చేత్తోనే ముడేసి చూపించేవాడు. దానికి తేదీ లేదు, సంతకం లేదు. న్యాక్ దృష్టిలో నేను నేత నేర్చుకోనట్టే.

హాజరు 75 శాతం కంటే తగ్గితే కండోనేషన్ ఫీజు, డాక్టరు కాగితం, కింద మెంటార్ సంతకం. 1921లో మునిసిపాలిటీ పన్ను కట్టేది లేదని దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెంట ఇళ్ళొదిలి రామ్‌నగర్ పాకల్లో నెలల తరబడి ఉన్న ఊరు మనది. ఆ ఊరి మునిమనవలం, రాని జ్వరానికి ఫీజు కట్టి రసీదు జాగ్రత్తగా దాచుకున్నాం.

ఒకే ఒక్కసారి సంతకానికి కాకుండా సందేహంతో వెళ్ళాను. "ఎక్కడ పెట్టాల్రా?" అని పెన్ను తీశారు. కాగితం తేలేదన్నాను. కాసేపు అనుమానంగా చూసి, కుర్చీ చూపించారు. ఎంట్రోపీ గురించి ఇరవై నిమిషాలు బోర్డు మీద గీసి మరీ చెప్పారు. ఎంత బాగా చెబుతారో! ఇంకో పది నిమిషాలుంటే లెక్క కూడా తేలేది. ఇంతలో అటెండరొచ్చాడు, అడ్మిషన్ల మీటింగుకి రమ్మంటున్నారని.

మొన్న మేలో సారే ఫోన్ చేశారు. మీ వీధిలో ఇంటర్ పాసైన పిల్లలెవరైనా ఉన్నారా అని. మొట్టమొదటిసారి పేరు పెట్టి పిలిచారు.

మా నాన్న పేరు.