కూర్చున్న కొద్దీ గ్రేడు

మన ఇంజనీరింగ్ కాలేజీల్లో న్యూటన్‌ను ప్రశ్నించినా చూసీచూడనట్టు వదిలేస్తారు గానీ ఒక్క సిద్ధాంతం జోలికి మాత్రం ఎవరినీ పోనివ్వరు. పరీక్ష హాల్లో ఆఖరి బెల్లు దాకా కూర్చున్నవాడికి మార్కులు పడతాయి, మధ్యలో లేచినవాడికి పోతాయి. ఇదీ ఆ సిద్ధాంతం. పిండి కొద్దీ రొట్టె అన్నారు పెద్దలు. కూర్చున్న కొద్దీ గ్రేడు అంటున్నారు హెచ్‌ఓడీలు. హాల్‌టికెట్లు పంచే రోజున దీవెనలాగా ఇదే మాట: "ఏం రాకపోయినా పర్లేదు, 3 గంటలూ కూర్చోండి. ఏదో ఒకటి రాయండి. పేజీలు మాత్రం ఖాళీగా వదలొద్దు."

ఏదో ఒకటి రాసి పాసైన ఇంజనీరు రేపు ఏదో ఒకటి కడతాడన్న భయం ఎవరికీ ఉన్నట్టు లేదు.

ఈ సిద్ధాంతానికి హాల్లో కాపలా కూడా ఉంటుంది. సగం టైం దాటాక ఓ కుర్రాడు లేచి నిలబడతాడు.

"సార్, అయిపోయింది. పేపర్ ఇచ్చేస్తా."

"అప్పుడేనా? కూర్చో. ఇంకోసారి చూసుకో."

"చూసుకున్నా సార్."

"అయితే అండర్‌లైన్లు కొట్టుకో."

కుర్రాడు కూర్చుంటాడు. సైడ్ హెడింగులకు గీతలు కొడతాడు. అవి అయిపోయాక డెఫినిషన్లకు కొడతాడు. ఆ తర్వాత నీలం గీత కింద నల్ల గీత. ఇంకా గంట మిగిలే ఉంటుంది. ఇదే కుర్రాడు ఎప్‌సెట్‌కు నిమిషం ఆలస్యంగా వచ్చుంటే గేటు బయటే ఏడుస్తూ నిలబడాల్సి వచ్చేది. మన దగ్గర పరీక్షకు నిమిషం ఆలస్యంగా రావడం నేరం, గంట ముందు వెళ్లిపోవడం అంతకంటే ఘోరం.

అసలీ 3 గంటలు ఎవరు కొలిచి పెట్టారో గానీ ఆ అంకెకు మాత్రం తిరుగులేదు. ఎప్‌సెట్‌లో 160 ప్రశ్నలు, 180 నిమిషాలు. ప్రశ్నకు నిమిషం పైన ఏడెనిమిది సెకన్లు. గేట్‌లో 65 ప్రశ్నలు, 100 మార్కులు, అవే 180 నిమిషాలు. సెమిస్టర్ పరీక్షకొస్తే మ్యాథ్స్‌కూ 3 గంటలే, సీ ప్రోగ్రామింగ్‌కూ 3 గంటలే. చేత్తో ఇంటిగ్రేషన్ చేసినా, నోటికొచ్చినట్టు నెట్‌వర్క్స్ రాసినా గడియారం మారదు.

అన్నిటికన్నా ముచ్చటైనది జేఎన్‌టీయూ హైదరాబాద్ లెక్క. ఆర్18 రెగ్యులేషన్‌లో ఎక్స్‌టర్నల్ 75 మార్కులకు, టైం 3 గంటలు. ఆర్22 వచ్చింది. పార్ట్ ఏ 25 మార్కుల నుంచి 10కి దిగింది, పార్ట్ బీ 50 దగ్గరే ఉంది, మొత్తం 60 అయింది. మార్కులు 15 తగ్గాయి కదా, టైం ఎంత తగ్గింది? ఒక్క నిమిషం కూడా తగ్గలేదు. సిలబస్ మార్చారు, క్రెడిట్లు మార్చారు, ఇంటర్నల్ 25ను 40 చేశారు. గడియారం మీద చెయ్యి వేసే ధైర్యం మాత్రం ఎవరికీ చాల్లేదు.

మిగిలిన టైంలో ఏం చేస్తారు? చేటభారతం రాస్తారు. ఓఎస్‌ఐ మోడల్ అడిగితే 7 లేయర్లకు 7 డబ్బాలు గీసి, ఒక్కో డబ్బా పక్కన బాణం గుర్తు పెట్టి, లోపల రాసిన పేరే బయట ఇంకోసారి రాస్తారు. 'ఫిజికల్ లేయర్ అనగా ఫిజికల్ కనెక్షన్‌కు సంబంధించిన లేయర్' అన్నదానికి ఇంగ్లిషులో మూడు లైన్లు పడతాయి. తర్వాత అడ్వాంటేజెస్, దాని కింద డిస్‌అడ్వాంటేజెస్, వాటి కింద అప్లికేషన్స్. ఏ ప్రశ్నకైనా ఈ మూడూ అతుకుతాయి. ఇక సీ ప్రోగ్రాం అయితే చూడాలి. ఫ్యాక్టోరియల్ ప్రోగ్రాం కాగితం మీద రాసి, కింద స్కేలుతో డబ్బా గీసి, దానికి 'అవుట్‌పుట్' అని పేరు పెట్టి, అందులో 'ఎంటర్ ఎ నంబర్: 5', 'ఫ్యాక్టోరియల్: 120' అని తనే రాసుకుంటాడు. పైన ప్రోగ్రాంలో సెమీకోలన్లు ఉన్నా లేకపోయినా అవుట్‌పుట్ మాత్రం 120 వచ్చి తీరుతుంది. ఇంత నమ్మకమైన కంప్యూటర్ ప్రపంచంలో ఇంకెక్కడా లేదు.

"అయినా టాపర్లు ఆఖరిదాకా కూర్చుంటారు కదండీ?" అంటారు. కూర్చుంటారు, కాదన్నదెవరు? వాళ్ల వెనక బెంచీలో ఒక్క ముక్క రాని వాడు కూడా ఆఖరిదాకానే కూర్చుంటాడు. టాపర్ రాయడానికి ఉండి కూర్చుంటాడు, వీడు పక్కవాడు ఎప్పుడు పేపర్ తిప్పుతాడా అని కూర్చుంటాడు. అలాగే ముందు లేచేవాళ్లలోనూ రెండు రకాలు: అంతా రాసేసినవాడు, అంతా వదిలేసినవాడు. గడియారం ఈ నలుగురినీ విడదీయలేదు. పరీక్ష ఎవరు ముందు ముగించారు, ఎవరు వెనక ముగించారు అన్నదాన్ని మార్కులతో పోల్చి చూసిన అధ్యయనాలు విదేశాల్లో చాలానే వచ్చాయి. వాటిలో ఎక్కువ భాగం, ఆ రెంటికీ చెప్పుకోదగ్గ సంబంధం లేదనే తేల్చాయి. మన హెచ్‌ఓడీలకు ఈ సంగతి చెబితే, "వాళ్లకు అడిషనల్ షీట్లు ఇవ్వరేమో" అంటారు.

అడిషనల్ అనగానే ఒక తరం గుండె కొట్టుకుంటుంది. ఇప్పుడు చాలాచోట్ల ఒకే బుక్‌లెట్ ఇస్తున్నారు గానీ, ఒకప్పుడు హాల్లో 'సార్, అడిషనల్!' అన్న కేక వినపడితే మిగతావాళ్ల చేతులు చల్లబడేవి. ఎన్ని అడిషనల్స్ తీసుకున్నావన్నదే బయటికొచ్చాక మొదటి ప్రశ్న. ఏం రాశావని అడిగినవాడు లేడు. మెయిన్ షీటుకు తెల్లదారం కట్టి ముడి వేసేటప్పుడు ఆ కట్ట మందం చూసుకుని మురిసిపోయేవారు. దిద్దేచోట ఒక తూకం మిషన్ పెట్టేసి ఉంటే అందరికీ శ్రమ తప్పేది.

దిద్దేచోటు అన్నాను కాబట్టి ఆ ముక్క కూడా చెప్పుకోవాలి. 3 గంటలు చెమటోడ్చి రాసిన పేపరు దిద్దే గదిలో ఎంతసేపు ఉంటుందో అక్కడ కూర్చున్న ఏ లెక్చరర్‌నైనా అడగండి. గంటల లెక్క చెప్పడు, నిమిషాల లెక్కే చెబుతాడు. ఆయన్నీ తప్పుపట్టలేం. డబ్బులిచ్చేది పేపరుకు ఇంత అని. నెమ్మదిగా చదివితే ఆయనకే నష్టం. అంటే ఒకే కాగితాల కట్ట మీద పిల్లవాడు టైం పెంచితే మార్కులు వస్తాయని నమ్ముతాడు, మాస్టారు టైం తగ్గిస్తే రూపాయలు వస్తాయని లెక్క కట్టుకుంటారు. ఈ రెంటి మధ్య ఆ జవాబు చదివే తీరిక ఎవరికి? అందుకే అండర్‌లైన్లు. చదవనివాడికి కనీసం గీతలైనా కనపడాలి కదా.

వ్యంగ్యం పక్కన పెట్టి ఒక మాట. టైం విలువ తెలిసినవాళ్లు హాల్లో లేకపోలేదు. ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివి, జవాబు తెలుగులో ఆలోచించి ఇంగ్లిషులోకి మార్చుకుని రాసే పిల్లలకు 3 గంటలు నిజంగా చాలవు. వైకల్యం ఉన్న అభ్యర్థులకు గంటకు కనీసం 20 నిమిషాలు అదనంగా ఇవ్వాలని కేంద్ర మార్గదర్శకాలు ఉన్నాయి. అది న్యాయం. జవాబు తెలిసి చెయ్యి ఆడనివాడికి టైం ఇవ్వాలి. జవాబు అయిపోయినవాడిని కట్టేసి కూర్చోబెట్టి, అదే క్రమశిక్షణ అనడం వేరే సంగతి. మొదటిది చేయాలంటే పిల్లల్ని చూడాలి. రెండోదానికి తలుపు దగ్గర ఒక కుర్చీ చాలు.

కాబట్టి యూనివర్సిటీల వారికి ఒక్క విన్నపం. పేపరు సెట్ చేసే ప్రొఫెసర్ గారిని సీల్ వేసే ముందు ఒక గదిలో కూర్చోబెట్టండి. సెల్‌ఫోన్ బయట పెట్టించండి. ఆయన వేసిన ప్రశ్నలకు ఆయన్నే చేత్తో జవాబులు రాయమనండి. ఎంతసేపు పట్టిందో ఆ టైంకు సగం కలిపి ప్రశ్నపత్రం మీద అచ్చు వేయండి. అది 2 గంటలైతే 2 గంటలు, 4 గంటలైతే 4 గంటలు. ఆయన మధ్యలో లేచి "అయిపోయింది, ఇచ్చేస్తా" అంటే దయచేసి పంపించేయండి. అండర్‌లైన్లు కొట్టమనొద్దు.