వెయింగ్ మిషన్ ఆత్మకథ

విజయవాడ సూర్యారావుపేటలో ఒక క్లినిక్ గుమ్మం పక్కనుండే ఈ డిజిటల్ వెయింగ్ మిషన్ చెప్పుకునే కథలో పెద్ద భాగం దానిమీద ఎక్కేవారిదే. అద్దం పలక కింద నాలుగు మూలలా ఉన్న నాలుగు లోడ్ సెల్స్ దీని అవయవాలు. మనిషి ఎక్కగానే వాటిలోని లోహం కంటికి కనపడనంతగా వంగుతుంది. దానికి అతికించిన సన్నటి తీగ విద్యుత్ నిరోధం మారి, ఆ మార్పే కిలోల అంకెగా తెరమీద పడుతుంది. దీని ముందు తరంవారు రైల్వే ప్లాట్‌ఫారాల మీద రంగు లైట్లతో వెలిగేవారు. నాణెం వేస్తే బరువుతోపాటు జాతకం కూడా అచ్చేసిన అట్టముక్క ఇచ్చేవారు. ఈ మిషన్‌కు జాతకం రాదు. ఎముక, కండ, కొవ్వు, నీరు అన్నీ కలిపి ఒకే అంకె చెబుతుంది. నడివయసు దాటినవారి కథ ఆ అంకె చాటునే నడుస్తుంది.

ఆ కథ కృష్ణా డెల్టా అన్నంతో మొదలవుతుంది. విజయవాడ దగ్గర కృష్ణపై ఆనకట్ట 1855లో పూర్తయింది. దాని స్థానంలో 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. కాలువల కింద వరి పండే డెల్టాలో భోజనమంటే తెల్లన్నమే. బాపట్లలో రూపుదిద్దుకుని 1986లో విడుదలైన బీపీటీ 5204, అంటే సాంబ మసూరి, సన్నన్నాన్ని మరింత అలవాటు చేసింది. నూరు గ్రాముల పాలిష్ బియ్యంలో సుమారు 350 కేలరీలుంటే, ప్రోటీన్ 8 గ్రాములే. నాట్లు, కోతలు, మోతలు ఒంటితో చేసిన రోజుల్లో ఆ కేలరీలు చేలోనే ఖర్చయ్యేవి. కోత మిషన్, ట్రాక్టరు, మోటార్ సైకిల్ వచ్చాక ఖర్చు తగ్గింది. కంచంలో అన్నం అంతగా తగ్గలేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్లవారిలో అధిక బరువున్నవారు స్త్రీలలో నూటికి 36 మంది, పురుషులలో 31 మంది.

నలభై దాటగానే ఒంట్లో జీవక్రియ మందగిస్తుందన్న మాట క్లినిక్‌లో తరచూ వినపడుతుంది. 29 దేశాల్లో 6,400 మందికి పైగా కొలిచి 2021లో ‘సైన్స్’ పత్రికలో ప్రచురించిన పరిశోధన వేరే సంగతి తేల్చింది. ఒంటి పరిమాణాన్ని లెక్కలోకి తీసుకుంటే 20 నుంచి 60 ఏళ్ల దాకా శక్తి ఖర్చు ఇంచుమించు నిలకడగానే ఉంటుంది. తరువాతే ఏటా 0.7 శాతం చొప్పున తగ్గుతుంది. నడివయసు బరువుకు కారణాలు వేరు: కదలిక తగ్గడం, మోకాళ్ల నొప్పులు, నిద్ర చాలకపోవడం, ఇన్సులిన్, స్టెరాయిడ్ల వంటి కొన్ని మందులు. ముప్పై దాటాక కండ పదేళ్లకు 3 నుంచి 8 శాతం తరుగుతుంది. నెలసరి ఆగాక స్త్రీలలో కొవ్వు పొట్ట చుట్టూ చేరుతుంది. తరిగిన కండ చోటికి కొవ్వు వస్తే అంకె మారదు, నడుము మారుతుంది. అందుకే మిషన్ పక్కన టేపు ఉంటుంది. భారతీయులలో నడుము చుట్టుకొలత పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్తపడాలి.

బరువు తగ్గించే పద్ధతులకు విజయవాడ పేరున్న ఊరే. కృష్ణ కరకట్ట మీది ఆరోగ్యాలయంలో మంతెన సత్యనారాయణరాజు ఉప్పు, నూనె లేని ఆహారాన్ని ప్రచారం చేశారు. వీరమాచనేని రామకృష్ణ అన్నం మాన్పించి, కొబ్బరినూనె వంటి కొవ్వులు, నిమ్మకాయలు, నీళ్లు ప్రధానంగా చేశారు. దారి ఏదైనా, తిండి ఒక్కసారిగా తగ్గితే, ముఖ్యంగా అన్నం మానేస్తే, మొదటి వారం అంకె గబగబా దిగుతుంది. ఒంట్లో దాచిన గ్లైకోజెన్, దాన్ని అంటిపెట్టుకున్న మూడింతల నీరు పోవడమే అందుకు కారణం. కిలో కొవ్వు కరగాలంటే సుమారు 7,700 కేలరీలు లోటు పడాలి. రోజుకు 500 తగ్గించినా రెండు వారాలకు పైనే పడుతుంది. బరువు తగ్గేకొద్దీ ఒంటి ఖర్చు తగ్గి, ఆకలి పెరిగి, అంకె మొండికేస్తుంది. కడుపు మాడ్చుకుంటే కండా పోతుంది. సంక్రాంతి అరిసెలతో తిరిగొచ్చేది ఎక్కువగా కొవ్వే. మిషన్ పాత అంకెనే చూపిస్తుంది, లోపలి ఒళ్లు మాత్రం పాతది కాదు.

అందువల్ల పెద్ద వయసులో కండ నిలుపుకుంటూ కొవ్వు తగ్గించాలి. అన్నం తగ్గించి పప్పు, గుడ్డు, చేప, పెరుగు పెంచడం మొదటి మెట్టు. వారానికి 150 నిమిషాల చురుకైన నడక, రెండు రోజులు కండరాలకు పనిచెప్పే వ్యాయామం ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. చేతుల ఆసరా లేకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం కూడా అలాంటి వ్యాయామమే. ఉన్న బరువులో 5 నుంచి 10 శాతం తగ్గినా షుగరు, బీపీ మెరుగుపడతాయి. షుగరు మందులు వాడేవారు డాక్టరును అడగకుండా అన్నం మానేస్తే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు.

ఎగుడుదిగుడు నేల, నీరసించిన బ్యాటరీ ఈ మిషన్‌కు వచ్చే జబ్బులు. తిండి, నీళ్లను బట్టి బరువు ఒక్క రోజులోనే కిలో అటూఇటూ అవుతుంది. కాబట్టి వారానికోసారి, పొద్దున్నే పరగడుపున, ఒకే మిషన్ మీద చూసుకోవాలి. ఏ ప్రయత్నమూ లేకుండా ఆరు నెలల నుంచి ఏడాదిలోపు 5 శాతం తగ్గితే సంతోషించకూడదు. క్షయ, షుగరు, థైరాయిడ్, క్యాన్సర్ వంటివి ఉన్నాయేమో పరీక్షలతో తేల్చుకోవాలి.