ఓషధీభక్తుడు

ప్రతి వీథిలోను ఒక ఓషధీభక్తుడుండును. ఆయన పెరటి వేపచెట్టును తిప్పతీగ పెనవేసికొని యుండును; వంటింటి అలమరలో చింతపండు డబ్బా సరసన త్రిఫలచూర్ణమును, అశ్వగంధయు, ఎవ్వరిచ్చినదో ఎవ్వరికిని గుర్తులేని యొక నల్లని లేహ్యమును కొలువుదీరి యుండును. తెల్లవారుజామున ఇంటిల్లిపాదియు కాఫీకై కలవరించుచుండగా, ఈయన కన్నులు మూసికొని గ్లాసెడు పసరు త్రాగి, ముఖవికారము పరులకు గోచరింపకముందే సవరించుకొని, "అమృతమండీ!" అనును. ఆయనకు చేదే మహిమకు ప్రమాణము.

ఈ భక్తికి బీజము బాల్యముననే పడినది. కామెర్లు సోకినపుడు పొరుగూరి పసరువైద్యుడు నేలయుసిరి రసము పోసి, ఉప్పు, కారము, నూనె మాన్పించెను. కొన్ని వారములకు కన్నులు తెల్లబడెను. కలుషితజలమువలన వచ్చు కామెర్లు చాలవరకు పసరు పోసినను పోయకున్నను వాటంతట నవియే తగ్గునని చెప్పినచో ఆయన యొప్పుకొనడు. అంతటి కఠినపథ్యము చేసి, అంతటి చేదు మ్రింగిన పిమ్మట, రోగము తనంతట తానే పోయినదనుట ఎంతటి అవమానము!

2020లో కరోనా వచ్చి, తలుపులు బిగించుకొని కూర్చున్న మనుష్యునకు తాను ఏదో యొకటి చేయుచున్నాననెడి ధైర్యము అత్యవసరమైనపుడు, ఆ ధైర్యము కషాయరూపమున లభించెను. ఒక గ్లాసు మేలు చేసినచో మూడు గ్లాసులు మూడింతల మేలు చేయునని ఆయన గణితము. కొన్ని మాసములకు ఆకలి సన్నగిల్లి, మూత్రము ముదురురంగు దాల్చి, కన్నులు పచ్చబడగా, "లోపలి విషమంతా బయటికి వస్తోంది" అని సంతసించి, నాలుగవ గ్లాసు మొదలుపెట్టెను.

తుదకు బంధువులు ఆసుపత్రికి ఈడ్చుకొనిపోయిరి. కాలేయపు రక్తపరీక్షలో 40కి అటునిటుగా నుండవలసిన ఎస్‌జీపీటీ వందలలో నుండెను. మొదటి డాక్టరు గుడ్లురిమి, "ఏమైనా నాటుమందులు మింగారా?" అని గద్దింపగా, "రామ రామ! మాత్రే ముట్టనండీ" అనెను. అసత్యమాడితినని ఆయన కించిత్తును తలపలేదు. మందులనగా రోగులు మ్రింగునవి, ఆయన సేవించునది ఆరోగ్యము. రెండవ డాక్టరు లోకజ్ఞుడు. "ఈ వయసులో ఇంత గట్టిగా ఉన్నారు, ఇంట్లో ఏమేం తీసుకుంటారండీ?" అని మర్యాదగా నడుగగా, భయము మూసిన నోటిని గర్వము తెరచెను, అరగంటసేపు మూలికానామావళి సాగెను, డాక్టరు వ్రాసికొనెను.

ప్రేవులనుండి వచ్చు రక్తము మొదట కాలేయమునకే చేరుననియు, అచ్చట ఆకునకొక ద్వారము, మాత్రకొక ద్వారము లేవనియు, కూరలోని చిటికెడు పసుపు వేరు, మిరియాలసారము చేర్చి మాత్రలుగా కట్టిన పసుపుసారము వేరనియు ఆ డాక్టరు ఓపికగా బోధించెను. తిప్పతీగ వాడినవారిలో ఆరుగురికి కాలేయము దెబ్బతిన్నదని 2021లో ముంబయి వైద్యులు ప్రకటించిరని కూడ చెప్పెను. భక్తుడు వెంటనే, అది అసలు తిప్పతీగ అయియుండదనియు, దానిని పోలిన వేరొక తీగ కలదని ఆయుష్ మంత్రిత్వశాఖవారే సెలవిచ్చిరనియు బదులుపలికెను. తన పెరటిలోనిది ఏ తీగయో ఎవ్వరిచేతనైన పరీక్ష చేయించితిరా యని డాక్టరు అడుగగా, "మా తాతగారు నాటిందండీ!" అనెను.

పసరు మానుటయే ప్రధానచికిత్స యయ్యెను. మానిన కొన్ని వారములకు కన్నులు తేటపడెను. ఇట్టివారిలో చాలమంది ఇట్లే కోలుకొందురు. కొందరికి మాత్రము కాలేయమార్పిడియే శరణ్యమగును. అయితే ఆయన జమాఖర్చులలో ఆకుల పద్దున ఏనాడును ఖర్చు పడలేదు, ఆసుపత్రి పద్దున ఏనాడును జమ పడలేదు. ఇంటికి వచ్చిన మరునాడు అరుగుమీద కూర్చుండి, పరామర్శకు వచ్చినవారితో ఇట్లు సెలవిచ్చెను: "ఆ ఇంగ్లీషు మందుల ధాటికి తట్టుకుని బతికి బట్టకట్టానంటే, ఇన్నేళ్లు తాగిన తిప్పతీగ చలవే కదండీ!"