ఒక పత్తి... ముగ్గురు సుబ్బారావులు

గుంటూరు, ప్రకాశం రైతు కాటన్ కార్పొరేషన్‌ (సీసీఐ)కి పత్తి అమ్మాలంటే 2025 సీజను నుంచి కపాస్ కిసాన్ యాప్‌లో స్లాట్ తీసుకోవాలి. క్యూ బాధ తప్పింది!

ఆధార్‌లో సుబ్బారావు.
పాస్‌పుస్తకంలో సుబ్బా రావు.
ఈ-క్రాప్ పంట నమోదులో సుబ్బరావు.
ప్రత్తిపాడు చేలో పత్తి పండించింది మాత్రం ఒక్కడే. కంప్యూటర్ నమ్మలేదు.

ఓటీపీ వచ్చింది. హైదరాబాద్‌లో ఉన్న అబ్బాయి ఫోన్‌కి. వాడు మీటింగులో ఉన్నాడు.

సీసీఐ పత్తి కొనే మిల్లు దగ్గర తేమ 8 శాతం దాటితే ధరలో కోత, 12 దాటితే బండి వెనక్కి. జేబులో చెమటకు నానిన జిరాక్సులకు తేమ మీటరు పెట్టరు. అదొక్కటే నయం.

ఇక ఊళ్లోకొచ్చే దళారి. ఆధార్ అడగడు, ఓటీపీ అడగడు. ఎవరి బాకీ ఎంత, ఎవరి చేలో ఎన్ని బస్తాలు దిగుతాయి, ఎవరింట్లో పెళ్లి ఎప్పుడు... అన్నీ ఒకే నోటుబుక్కులో. అంచులు నలిగి, నూనె మరక పడి, రబ్బరుబ్యాండు వేసి ఉంటుంది. అన్ని శాఖల సమాచారం ఒకేచోట ఉండాలని సదస్సుల్లో చెప్పేది దీని గురించే కాబోలు.

ఆయన సర్వర్ ఎప్పుడూ డౌన్ అవదు.
డౌన్ అయ్యేది రేటొక్కటే.