రెండు జీవితాలు, ఒకే బాల్కనీ

మా ఊరి రైల్వేస్టేషను చూడనివాళ్ళు విశాఖపట్నం మీద నవల రాయకూడదని ఒక చట్టం తేవాలి. హౌరా నుంచి చెన్నై వైపు పోయే బండి ఊళ్ళోకి వచ్చిందంటే ఇక ముందుకు దారి లేదు. ఇంజను ఒక కొసన విప్పి రెండో కొసన తగిలించుకుని, వచ్చిన వైపే పోవాలి. ఈలోగా దిగి, టీ తాగి, ఎదురైన చుట్టాన్ని పలకరించి, తీరిగ్గా మళ్ళీ ఎక్కొచ్చు. అలాంటి స్టేషన్లో, నేను మొన్న చదివిన నవలలో నాయిక ఆ చెన్నై బండినే ఒక్క క్షణంలో పోగొట్టుకుంది. ఆ క్షణం మీద మూడొందల పేజీలు కట్టారు.

పేరు చెప్పను. సమాంతర జీవితాల ప్రేమకథట. బేసి అధ్యాయాల్లో నాయికకు రైలందుతుంది, సరి అధ్యాయాల్లో అందదు. ఒక్క నిర్ణయంతో బతుకంతా తల్లకిందులవుతుందని అట్ట వెనక హామీ. రైలందితే హీరో ఎదురు బెర్తులో ఉంటాడు. అందకపోతే ఆర్కే బీచిలో మురీ మిక్చర్ బండి దగ్గరుంటాడు. అదే గెడ్డం, అదే అమెరికా ఉద్యోగం, చివర్లో సముద్రం కనబడే అదే బాల్కనీ. మారిందల్లా చీర. అక్కడ నీలం, ఇక్కడ తెలుపు. ఆ తెల్లచీరని వన్‌టౌన్‌లో డాబా మీద ఆరేస్తే సాయంత్రానికి మల్లెపువ్వులా ఉందట! పోర్టు బొగ్గు మసి అంటని చీరంటే కోటవీధి ఆడవాళ్ళు వరస కట్టి చూడ్డానికొస్తారు. నవల మొత్తంలో నిజమైన అద్భుతం అదొక్కటే.

ఈ ఎత్తుగడ కొత్తదేమీ కాదు. పోలండులో కీస్లోవ్‌స్కీ 1981లోనే ‘బ్లైండ్ చాన్స్’ సినిమా తీశాడు. రైలందితే అందులో కుర్రాడు కమ్యూనిస్టు పార్టీలో చేరతాడు, స్టేషన్లో పట్టుబడితే ప్రభుత్వ వ్యతిరేకుల్లో కలుస్తాడు, ఊరికే రైలు తప్పితే పెళ్ళి చేసుకుని డాక్టరవుతాడు. మూడు బతుకులూ మూడు రకాలు కాబట్టే సర్కారు దాన్ని 1987 దాకా తొక్కిపెట్టింది. మన నవలని ఏ సర్కారూ తొక్కిపెట్టదు, ఆ భాగ్యం కూడా లేదు. 2001లో వచ్చిన తమిళ ‘12బి’లో బస్సు అందడం, అందకపోవడం మీదే కథ. అందులో కనీసం హీరోయిన్లయినా ఇద్దరు.

ఈ ఊళ్ళోనే లాయరుగా ఉంటూ రావిశాస్త్రి ‘అల్పజీవి’ నవల రాశాడు. అందులో సుబ్బయ్య ఉన్న ఒక్క బతుక్కే భయపడి చస్తుంటాడు. రెండోది ఇస్తానంటే కాళ్ళు పట్టుకుని వద్దంటాడు.

సమాంతర జీవితాలు మా ఊళ్ళో నిజంగానే ఉన్నాయి, కాకపోతే బీచ్ రోడ్డులో కాదు, గాజువాక అవతల. స్టీల్ ప్లాంటు కోసం 64 గ్రామాలు ఖాళీ చేయించినప్పుడు నిర్వాసితులకి ఉద్యోగం ఇస్తామని చేతిలో ఆర్ కార్డు పెట్టారు. కొందరికి వచ్చింది, కొందరికి రాలేదు. వచ్చినవాడు ఉక్కునగరం క్వార్టర్లో చేరాడు, రానివాడు అదే గేటు దగ్గర కాంట్రాక్టు కూలీకి నిలబడ్డాడు. ఒకప్పుడు ఇద్దరివీ ఒకే ఊళ్ళో పక్కపక్క ఇళ్ళు. నీకేది కావాలని ఇద్దరిలో ఎవర్నీ ఎవరూ అడగలేదు. 2021 జనవరిలో ప్లాంటునే అమ్మేయాలని కేంద్రం నిర్ణయించినప్పుడూ అడగలేదు. కార్డు పెట్లోనే ఉంది, దాచుకున్న మనిషికి వయసు దాటిపోయింది.

అలాంటి ఒక పెద్దాయనకి ఈ నవల కథ చెప్పాను. ఓపిగ్గా విన్నాడు.

“మరి రెండో బతుకులోనైనా ఆ గుంటకి నౌకరీ వచ్చిందేటి బాబూ?”

“ఆ పిల్లకి నౌకరీ అక్కర్లేదు తాతా, హీరో ఉన్నాడుగా.”

“అయితే రెండో బతుకు దేనికి మరి?”

పుస్తకం నా దగ్గరే ఉంది, అడిగినవాళ్ళకి ఊరికే ఇచ్చేస్తాను. బేసి అధ్యాయాలు చదివితే చాలు. సరి అధ్యాయాలకి చీర రంగు మీరే మార్చుకోండి.