చరణానికో గోడ

బడి మరుగుదొడ్లు బాగు చేయించాలన్నా, నీళ్ల ట్యాంకు కట్టాలన్నా సర్కారు ఒక్కటే ఎంతకని చేస్తుందట! పాత విద్యార్థులంతా సమ్మేళనం రోజున ఓ సంగీత విభావరి పెట్టి, టికెట్లమ్మి, ఆ డబ్బుతో పని కానిచ్చుకోవాలట. మా డోన్‌లో ఈ వారం ఈ హితవు చెప్పిన పెద్దాయన ఎవరో మీకు తెలుసు. పేరు రాయను. రాస్తే ఆయనొక్కడే అన్నట్టవుతుంది. ఆ కుర్చీలో ఎవరు కూర్చున్నా, భుజాన శాలువా పడగానే నోట్లోంచి వచ్చేది ఇదే.

హాల్లో చప్పట్లు మోగాయి. నాకు మాత్రం ఇందులో పెద్ద పాలనా సంస్కరణే కనిపించింది. ఇన్నేళ్లూ బడ్జెట్టనీ, గ్రాంటనీ, జీవో అనీ ఉత్తపుణ్యానికి తిరిగాం. ఆర్కెస్ట్రా ఉండగా ఖజానా ఎందుకు? ఇంజనీరింగ్ విభాగాలన్నిటినీ తీసుకెళ్లి సంగీత కళాశాలలో కలిపేస్తే సరి. పల్లవికి పునాది, చరణానికో గోడ, కోరస్‌కు స్లాబు. డబ్బులు ఆలాపన వరకే వస్తే తలుపు లేకుండా వదిలేయడమే. అది మనకు కొత్తేం కాదు.

ఏఈ గారు టేపు ఇంట్లో పెట్టి శ్రుతిపెట్టె పట్టుకుని సైటుకొస్తారు. కొలతలు రాసే ఎంబుక్కులో ‘రెండు చరణాలు, ఒక హమ్మింగు, తాళం సంతృప్తికరం’ అని రాసి సంతకం గీకుతారు. క్వాలిటీ కంట్రోలు వాళ్లు ఇటుకను కాదు, గాయకుణ్ణి తట్టి చూస్తారు. తక్కువకు కోట్ చేసినవాడికే పని కాబట్టి మనకు దక్కే గొంతు ఎట్లుంటుందో నేను చెప్పాల్సిన పని లేదు.

ఇంక వన్స్ మోర్. సురభి నాటకం పుట్టిందే మన కడప జిల్లాలో, 1885లో. పద్యం కోసం తెల్లవార్లూ కూర్చునే సీమ జనానికి వన్స్ మోర్ మహిమ చెప్పక్కర్లేదు. జనం గట్టిగా అరిస్తే చచ్చిపడిన పాత్ర కూడా లేచి, పద్యం మళ్లీ పాడి, మళ్లీ చావాల్సిందే. రేపటి నుంచి దాన్నే సవరించిన అంచనా అంటారు. మధ్యలో కరెంటు పోతే గడువు పొడిగింపు. పాడినవాడి బిల్లు ఎప్పుడొస్తుందంటే, అది మాత్రం పాత పద్ధతే.

క్లాసులో దీని అమలు ఇట్లుంటుంది. ఆరో తరగతి పిల్ల లేచి చిటికెన వేలు చూపిస్తుంది.

“సార్, ఒంటికి పోవాల.”

“కూర్చోమ్మా. ఎనభై తొమ్మిది బ్యాచోళ్లు ఇంకా రిహార్సల్సులోనే ఉండారు.”

“ఎప్పటికైతాది సార్?”

“సంక్రాంతికి అమెరికా అన్నలు దిగితే అయిపోతాది.”

“అంతవరకూ?”

“నీళ్లు తక్కువ తాగు.”

ఈ చివరి మాట నా కల్పన కాదు. బడికొచ్చి సాయంత్రం దాకా నీళ్లు ముట్టని ఆడపిల్లలు ప్రతి ఊళ్లో ఉన్నారు. వాళ్ల అమ్మలను అడగండి.

పాట పాడి డబ్బు పోగెయ్యడం తప్పని నేనను. 1952లో రాయలసీమ కరువుకు ఎన్టీఆర్ జోలె పట్టారు. 1977 నవంబరులో దివిసీమను ఉప్పెన ముంచితే సినిమావాళ్లంతా రోడ్డెక్కారు. బంగ్లాదేశ్ శరణార్థుల కోసం 1971 ఆగస్టు 1న రవిశంకర్, జార్జ్ హారిసన్ న్యూయార్క్‌లో కచేరీ చేశారు. 2025 ఫిబ్రవరిలో తలసీమియా రోగుల కోసం విజయవాడలో తమన్ పాడించారు. అన్నిటికీ దణ్ణం పెడతాను. అవి కరువు, ఉప్పెన, యుద్ధం, రోగం. పదకొండేళ్ల పిల్లకు మధ్యాహ్నం ఒంటికి రావడం ఏ జాబితాలో విపత్తు? వాతావరణ శాఖ ముందుగా హెచ్చరించలేదా?

విద్యాహక్కు చట్టం అమల్లోకొచ్చింది 2010 ఏప్రిల్ 1న. తాగునీళ్లు, ఆడపిల్లలకూ మగపిల్లలకూ వేర్వేరు మరుగుదొడ్లు ఉండాలని దాని షెడ్యూల్లోనే ఉంది. 2012 అక్టోబరులో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలకూ ఆరు నెలల గడువు పెట్టింది. ఇన్‌కం ట్యాక్సు కట్టే ప్రతి పాత విద్యార్థి దగ్గరా విద్య, ఆరోగ్యం పేరు చెప్పి పన్ను మీద ఇంకో 4 శాతం సెస్సు లాగుతున్నారు. వాళ్లు టికెట్టు ఎప్పుడో కొన్నారు. ఏటా కొంటూనే ఉన్నారు.

పన్నొక్కటే కాదు. డోన్, బేతంచెర్ల చుట్టూ నేలను తొలిచి బలపం రాయి, నాపరాయి లారీలకెత్తుతున్నారు. పలక మీద గీసే బలపం ఆ రాయే, వేదిక మీద గాయని మొహానికద్దుకునే పౌడరూ ఆ రాయే. గనులున్న జిల్లాలో ఖనిజ నిధి పెట్టాలని 2015లో గనుల చట్టం సవరించారు. అందులో పెద్ద వాటా తాగునీళ్లకు, చదువుకు, పారిశుధ్యానికి పోవాలని కేంద్రం మార్గదర్శకాలు. రాయి పోతున్నది మన కళ్లముందే. నిధి ఏ బడి గడప తొక్కిందో చెప్పే బోర్డు ఏదీ?

అన్నిటికన్నా నా కడుపు మండేది తల్లుల డబ్బు దగ్గర. బడికెళ్లే బిడ్డ పేరున తల్లికి సర్కారు ఇస్తానన్న ‘తల్లికి వందనం’ 15,000 రూపాయలు. చేతికొచ్చింది 13,000. మిగతా 2,000 బడి నిర్వహణకు, మరుగుదొడ్ల శుభ్రతకు అని కోసుకున్నారు. ముందటి ప్రభుత్వం అమ్మఒడిలో కోసింది కూడా ఇదే లెక్కకు. కంది చేలో కలుపు తీసే తల్లి బిడ్డ మరుగుదొడ్డికి అడ్వాన్సుగా కట్టేసింది. ఆ డబ్బు తీసుకున్నవాళ్లే వేదికెక్కి పాడుకోండి, కట్టుకోండి అంటారా? మైకు పట్టుకోవడానికి సిగ్గు లేదా? ఎప్పుడైనా కట్టినా, కట్టడం ఫోటోలో పడుతుంది కాబట్టే కడతారు. కొళాయిలో నీళ్లు రావడం ఏ పార్టీ ఫ్లెక్సీలోనూ పడదు.

పాత బ్యాచీల అన్నలారా, అక్కలారా, తప్పకుండా కలవండి. సార్లకు శాలువాలు కప్పండి, తెల్లారేదాకా పాడుకోండి. టికెట్లు అచ్చేయించే ముందు మాత్రం సమాచార హక్కు కింద ఒక దరఖాస్తు పెట్టండి: మన బడి పేరున తల్లుల దగ్గర కోసింది ఎంత, బడికి చేరింది ఎంత, దేనికి ఖర్చయింది? మండల స్థాయి ఆఫీసులో ఫీజు 5 రూపాయలు. జవాబివ్వడానికి వాళ్లకు గడువు 30 రోజులు.