కర్చీఫ్ వేసిన చార్జర్

చార్జింగ్ మర్యాద అంటే, పదిమంది వాడుకునే ప్లగ్గు దగ్గర తన బండి నిండగానే తీసి వెనకవాడికి చోటివ్వడం. నిర్వచనం ఇంతే. దానికి వ్యాఖ్యానాలూ మినహాయింపులూ పుట్టి పెరిగింది మాత్రం ఎక్కువగా ఎమిరేట్స్ మాల్స్ బేస్‌మెంట్లలో. దుబాయ్ విద్యుత్, నీటి సంస్థ 2014లో గ్రీన్ చార్జర్ పథకం మొదలుపెట్టి, మరుసటి ఏడాది తొలి విడతగా వంద స్టేషన్లు నెలకొల్పింది. ఆ సంస్థ ఇంగ్లిష్ పేరులోని పొడి అక్షరాలు కలిపి పలికితే తెలుగు చెవికి ‘దేవా’ అని వినిపిస్తుంది. ఎనిమిది పర్సెంట్ బ్యాటరీతో వచ్చినవాడికి ఉన్న రెండు ప్లగ్గులూ ఖాళీ లేవని తెలిసినప్పుడు నోట వచ్చేదీ ఆ మాటే.

ఈ మర్యాదకు తెలుగునాట పూర్వరూపం వీధి కుళాయి. కుళాయి దగ్గర వరసలో నిలబడేవి బిందెలు. బిందె లేకపోతే ఇటుక, ఇటుక లేకపోతే చెప్పు. అయినా బిందె నిండే వేళకు దాని మనిషి అక్కడ ఉండేది. లేకపోతే వెనకావిడ దాన్ని పక్కన పెట్టి తన బిందె పెట్టేసేది. తర్వాత జరగవలసిన గొడవ సక్రమంగా జరిగేది. చార్జర్ దగ్గర ఆ న్యాయవ్యవస్థ పనిచేయదు. రెండు టన్నుల కారును ఎత్తి పక్కన పెట్టే వెనకావిడ ఇంకా పుట్టలేదు. కేబుల్ పీకేద్దామన్నా, టైప్ 2 ప్లగ్గు చార్జింగ్ నడుస్తున్నంతసేపూ కారుకు తాళం పడి ఉంటుంది. చాలా కార్లలో బ్యాటరీ నిండాక కూడా యజమాని తాళం తీస్తే తప్ప ఊడిరాదు. ఆ యజమాని మూడో అంతస్తులో సినిమా చూస్తున్నాడు. ఇంటర్వెల్‌కు ఇంకా నలభై నిమిషాలుంది.

సొంత విల్లా ఉన్నవాడికి ఈ శాస్త్రంతో పని లేదు. గోడకు చార్జర్ బిగించుకుని రాత్రంతా నిద్రపోతాడు. కరామాలో, బర్ దుబాయ్‌లో, అల్ నహ్దాలో, షార్జాలో అద్దె ఫ్లాట్లలో ఉండేవారికే ఇది నిత్యావసరం. కింద పార్కింగ్ బిల్డింగ్ ఓనరుది, అక్కడ ప్లగ్గు పెట్టాలంటే ఆయన అనుమతి కావాలి, ఆయన ఎక్కడుంటాడో వాచ్‌మన్‌కు కూడా తెలియదు. కాబట్టి కారు బయటే తినాలి. బ్రహ్మచారి రోజుల్లో ఒకే గదిలో ఆరుగురితో బెడ్‌స్పేస్‌లో బతికినవాళ్లకు పంచుకోవడం కొత్త విద్య కాదు. స్నానానికి పది నిమిషాలు, స్టవ్ దగ్గర పావుగంట, మంచం దిగాక ఇంకొకడి చోట్లో చెయ్యి పెట్టకూడదు. చార్జర్ కూడా కారుకు బెడ్‌స్పేస్ లాంటిదే. అద్దె కట్టింది మంచానికే, గదికి కాదు అన్న పాత సూత్రం కారు కొన్న రోజే చాలామంది మరిచిపోతారు.

మరుపుకు కారణం ధరలోనే ఉంది. 2024 జులైలో ఫెడరల్ మంత్రివర్గం దేశమంతటికీ ధర ఖరారు చేసింది: వేగంగా ఎక్కించే చార్జర్ దగ్గర యూనిట్‌కు కనీసం 1.20 దిర్హాములు, నెమ్మదిగా ఎక్కించే దగ్గర 70 ఫిల్సులు, ఆపైన వ్యాట్. అంతకుముందు దుబాయ్‌లో మొదలైన ధర 29 ఫిల్సులే. ఏ ధరైనా యూనిట్‌కే తప్ప గంటకు కాదు. అరవై యూనిట్ల బ్యాటరీని ఇరవై పర్సెంట్ నుంచి ఎనభైకి తెస్తే 36 యూనిట్లు. నెమ్మది చార్జర్‌లో 25 దిర్హాముల 20 ఫిల్సులు, వ్యాట్ అదనం. నిండిన కారు ఆ తర్వాత తెల్లారేదాకా అక్కడే ఉన్నా యూనిట్ల మీటరు కదలదు. ఆపరేటరు వేరే ఆలస్య రుసుము వేస్తే తప్ప, మిగతా రాత్రంతా ఉచిత పార్కింగ్. పైగా లిఫ్టుకు దగ్గర. తెలుగు ఇంట్లో పుట్టినవాడు ఇలాంటి అవకాశాన్ని కాదనడం కష్టం.

అసలు ఉచితకాలం ఒకటి నడిచింది. రిజిస్టరు చేసుకున్న ప్రైవేటు విద్యుత్ కార్లకు దుబాయ్‌లో 2017 నుంచి 2019 చివరిదాకా చార్జింగ్ ఫ్రీ అన్నారు; తర్వాత దాన్ని 2021 చివరిదాకా పొడిగించారు. విద్యుత్ కార్లను జనానికి అలవాటు చేయడం పథకం ఉద్దేశం. అలవాటు అయింది. ఊరికే వస్తే ఫినాయిలైనా వదలరన్న మాట పుట్టిన జాతికి, ఇంట్లో ప్లగ్గు ఉన్నా బయటి ప్లగ్గే రుచించింది. ఆ రుచి గడువుతో పాటు పోలేదు.

ఇక కాలమానం. తగువులన్నీ ఇక్కడే పుడతాయి గనుక దీన్ని కాస్త నిదానంగా చూడాలి. స్తంభం మీద 22 కిలోవాట్లు అని రాసి ఉంటుంది. అది స్తంభం ఇవ్వగలిగింది. కారు తీసుకోగలిగింది వేరు. ఆల్టర్నేటింగ్ కరెంటును బ్యాటరీకి పనికొచ్చేలా మార్చే యంత్రం కారు లోపలే ఉంటుంది. అది కొన్నిటిలో ఏడు కిలోవాట్లది, కొన్నిటిలో పదకొండుది. కుళాయి ఎంత జోరుగా వచ్చినా బిందె మూతి సన్నగా ఉంటే ఏం లాభం? పైన చెప్పిన 36 యూనిట్లు పదకొండు కిలోవాట్ల కారుకు మూడుంబావు గంటలు, ఏడు కిలోవాట్ల కారుకు అయిదు గంటల పైచిలుకు. డైరెక్ట్ కరెంటు ఇచ్చే వేగ చార్జర్ కారు లోపలి యంత్రాన్ని దాటవేసి నేరుగా బ్యాటరీకి ఎక్కిస్తుంది. యాభై కిలోవాట్ల దగ్గర ఇదే పని ముప్పావు గంటలో తేలిపోవచ్చు. అయితే ఎనభై పర్సెంట్ దాటాక బ్యాటరీ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. ఆఖరి ఇరవై పర్సెంట్ పెళ్లిభోజనంలో పెరుగన్నం లాంటిది. కడుపు నిండినవాడు ఆకు ముందు నుంచి లేవడు, వెనక కుర్చీ పట్టుకుని నిలబడ్డవాడు అప్పడం నమిలే చప్పుడు లెక్కపెడుతుంటాడు. వేసవిలో ఎండ నలభై అయిదు డిగ్రీలు దాటితే వేడెక్కిన బ్యాటరీ వేగ చార్జర్ దగ్గర కూడా మెల్లబడుతుంది. దాని మీద యజమాని లోపల ఏసీ వేసుకుని కూర్చుంటే, ఒక చేత్తో పోసింది రెండో చేత్తో కొంత ఒంపేసినట్టే. అయినా కూర్చున్నవాడే మర్యాదస్తుడు, కనీసం మనిషి దొరుకుతాడు.

మర్యాద తప్పేవాళ్లలో పెట్రోలు కారువాడిది మొదటి పేరు. ఆకుపచ్చ రంగు వేసిన గడిలో బండి పెట్టి, హజార్డ్ లైట్లు వేసి, ‘టూ మినిట్స్’ అని కరక్ చాయ్‌కి వెళతాడు. ఆ లైట్లు వెలుగుతున్నంతసేపూ బండి అక్కడ లేనట్టేనని ఎమిరేట్స్‌లో ఒక నమ్మకం. దివ్యాంగుల గడిలో పెడితే 1,000 దిర్హాముల జరిమానా, ఆరు బ్లాక్ పాయింట్లు. అందుకని అక్కడ మాత్రం ఎంత తొందరున్నా లైట్ల మహిమ మీద ఎవరికీ నమ్మకం ఉండదు. రెండోవాడు హైబ్రిడ్‌వాడు. ట్యాంకు నిండా పెట్రోలుంచుకుని, పిడికెడు బ్యాటరీ కోసం వరసలో ముందుంటాడు. మూడోవాడు అసలు ప్లగ్గే పెట్టనివాడు. కారు విద్యుత్‌దే, గడి విద్యుత్ కార్లదే, కేబుల్ మాత్రం కొక్కేనికి వేలాడుతుంటుంది. అడిగితే ‘పెడదామనుకుంటున్నా’ అంటాడు. ఆర్టీసీ బస్సు కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు ఆపుకోవడంలో ఆరితేరిన వంశం. ఇక్కడ కర్చీఫే లక్ష దిర్హాములు చేస్తుంది.

దీనికి విరుగుడుగా డాష్‌బోర్డ్ మీద ఫోన్ నంబర్ పెట్టే ఆచారం ఉంది. ఒక బండి వెనక ఇంకో బండి అడ్డంగా పెట్టేటప్పుడు నంబరు రాసి వదలడం ఎమిరేట్స్‌లో పాత అలవాటే. చార్జర్‌కు వచ్చేసరికి నంబరుంటుంది, ఫోన్ సైలెంట్‌లో ఉంటుంది. అప్పుడు బిల్డింగ్ వాట్సాప్ గ్రూపులో ‘ఎవరిదండీ తెల్ల కారు?’ అని ప్రకటన వెలువడుతుంది. ఎండ దెబ్బకు తెల్ల కార్లే ఎక్కువగా కొనే దేశంలో ఈ ప్రశ్నకు ఇప్పటివరకూ ఒక్కరు కూడా ‘నాదే’ అనలేదు.

కేబుల్ తిరిగి కొక్కేనికి తగిలించడం, నేల మీద పారేయకపోవడం, వెళ్లేముందు యాప్‌లో పని ముగించడం చిన్న మర్యాదలు. అడాప్టర్ సంగతి కొంచెం పెద్దది. చైనా మార్కెట్ కోసం తయారై, డీలరుతో పని లేకుండా ఇక్కడికి దిగుమతైన కార్లు చాలా ఉన్నాయి. వాటి ప్లగ్గు చైనా ప్రమాణం, ఇక్కడి స్తంభాలది ఎక్కువగా యూరప్ ప్రమాణం. మధ్యలో అడాప్టర్ ఉండాలి. అది ఇంట్లో మరిచివచ్చినవాడు పక్క కారు అద్దం మీద వేలితో తట్టే తీరుకీ, గ్లాసు పట్టుకుని పక్కింటి గుమ్మంలో పంచదార చేబదులు అడిగే తీరుకీ తేడా లేదు. పంచదార తిరిగిరాకపోయినా నష్టం లేదు. అడాప్టర్ ఖరీదు తెలిసినవాళ్లు ఇచ్చి, అది తిరిగొచ్చేదాకా అక్కడే నిలబడతారు.

చివరిది తెలుగు మినహాయింపు. షార్జా మాల్ బేస్‌మెంట్, రాత్రి తొమ్మిదిన్నర. ఒకే స్తంభం. నిండిన కారు దగ్గరికి యజమాని సంచులతో వచ్చాడు. వెనక కారులోంచి ఒకాయన దిగాడు. గొంతులో గంటంబావు నిరీక్షణ ఉంది.

‘ఎక్స్‌క్యూజ్ మీ, చార్జింగ్ ఫినిష్?’

‘యెస్ యెస్, సారీ... మీరు తెలుగువారాండీ?’

‘అవునండీ. మీదే ఊరు?’

‘తెనాలండీ.’

‘అరె, మాది రేపల్లె! తెనాల్లో ఎక్కడ?’

‘మారీసుపేట. మా పెద్దమ్మగారిని ఇచ్చింది రేపల్లేనండీ.’

ఇక ఆయన సంచులు కింద పెట్టాడు. పెద్దమ్మగారి ఇంటిపేరు, ఆ ఇంటిపేరుగల కాంట్రాక్టరు, ఆ కాంట్రాక్టరుకు ఈయన బావమరిది ఏమవుతాడన్నది తేలేసరికి తొమ్మిదీ యాభై అయిదు. కేబుల్ అలాగే ఉంది. మూడో కారులో ఒక ఈజిప్టు ఆయన వీళ్లు పోట్లాడుకుంటున్నారని అనుకుని, సర్దిచెప్పడానికి దిగివచ్చాడు.

ఆలస్యానికి నిమిషాల లెక్కన వెల కట్టిన పేరున్న పద్ధతి టెస్లాది. 2016 డిసెంబరులో ఆ కంపెనీ తన చార్జర్ల దగ్గర బ్యాటరీ నిండాక నిలిచిపోయిన కారుకు నిమిషానికి 40 సెంట్ల రుసుము ప్రకటించింది. అయిదు నిమిషాల్లోపు బండి తీస్తే మాఫీ. ఈ కాలమ్ చదవడానికి సుమారు ఏడు నిమిషాలు పట్టి ఉంటుంది; ఆ లెక్కన 2 డాలర్ల 80 సెంట్లు, దిర్హాముల్లో పది దాటింది. కింద చార్జింగ్ పెట్టి వచ్చి చదువుతున్నవారు ఒకసారి యాప్ చూసుకోగలరు.